డిజిటల్ ధ్వనిముద్రణ పరిభాష: తెలుగు పదాల ఔచిత్య పరిశీలన

సారాంశం

డిజిటల్ ధ్వనిముద్రణకు సంబంధించిన మౌలిక పదాలు తెలుగులోకి మూడు మార్గాలలో వస్తున్నాయి. అవి విజ్ఞానశాస్త్ర అనువాదం, సంగీతశాస్త్ర పదాల విస్తరణ, ఆంగ్లపదాల స్వీకరణ. ఈ మూడింటి గుణదోషాలను పరిశీలించి, పదాల ఎంపికలో సంగీతానికి సంబంధించిన నిర్ణయం కూడా ఇమిడి ఉంటుందని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ధ్వనిముద్రణ, పారిభాషిక పదం, శ్రుతి, గమకం, వృత్తిపదకోశం.

1. ఉపోద్ఘాతం

పాత తెలుగు చిత్రాల పేర్ల పట్టికలో 'శబ్దగ్రహణం', 'నేపథ్యగానం' వంటి పదాలు కనిపిస్తాయి. ఆనాడు ధ్వనిముద్రణ కొద్దిమంది నిపుణుల విద్య. నేడు ఒక మైకు, ఒక కంప్యూటరు ఉన్న గదిలోనూ పాట రూపొందుతున్నది. జానపద గాయకులు, సంగీత విద్యార్థులు తామే ఈ పనికి పూనుకుంటున్నారు. వీరికి అర్థమయ్యే పరిభాష ఎలా ఉండాలన్నది భాషావిమర్శ పట్టించుకోవలసిన ప్రశ్న.

2. శాస్త్రానువాద పదాలు

ఫ్రీక్వెన్సీకి పౌనఃపున్యం, యాంప్లిట్యూడ్‌కు కంపన పరిమితి అనే పదాలను పాఠ్యపుస్తకాలు స్థిరపరచాయి. ఎకోకు ప్రతిధ్వని, రెవర్బరేషన్‌కు ప్రతినాదం అనే విభజన మరింత ప్రయోజనకరమైనది. మూలధ్వని నుండి విడిగా వినిపించేది ప్రతిధ్వని. దానితో కలిసిపోయి కొంతసేపు నిలిచేది ప్రతినాదం. వేదికపై రెండింటినీ 'ఎకో' అనే వ్యవహరించడం వల్ల ఈ భేదం మరుగున పడుతున్నది.

అయితే గణాంకశాస్త్రంలోని 'ప్రతిచయనం' అనే పదాన్ని ధ్వని శాంప్లింగ్‌కు వాడితే అర్థం చెడుతుంది. అక్కడ సమూహం నుండి కొన్నింటిని ఎంచుకోవడం ప్రధానం. ఇక్కడ ధ్వనితరంగాన్ని సమాన కాలవ్యవధులలో కొలవడం ప్రధానం. మనిషి వినగల గరిష్ఠ పౌనఃపున్యం సుమారు 20,000 హెర్ట్జ్‌లు. దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి కనుక సీడీలో సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. 16 బిట్ల ముద్రణలో ప్రతి కొలతా 65,536 స్థాయిలలో ఒకటిగా నమోదవుతుంది. 'శాంప్లింగ్ రేటు'ను అలాగే ఉంచి, 'సెకనుకు కొలతల సంఖ్య' అని వివరించడమే ఉచితం.

3. సంగీతశాస్త్ర పదాలు

టెంపోకు 'లయ' అనే పదాన్ని వాడేవారున్నారు. లయ విస్తృతమైన భావన. నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్కించే వేగానికి కర్ణాటక సంగీతంలోని 'కాలప్రమాణం' సరిపోతుంది. ఉన్న పదాన్ని వదిలి కొత్తది కల్పించనవసరం లేదు.

పిచ్ కరెక్షన్ విషయంలో సమస్య జటిలమైనది. దీనిని 'శ్రుతి శుద్ధి' అని అనువదిస్తే గాయకుని స్వరంలో మాలిన్యం ఉందని ముందే అంగీకరించినట్లవుతుంది. 1997లో వచ్చిన ఆటోట్యూన్ వంటి సాధనాలు, పాశ్చాత్య సమవిభాగ పద్ధతిని ఎంచుకున్నప్పుడు, స్థాయిని 12 సమభాగాలు చేసి, పాడిన స్వరాన్ని దగ్గరలోని స్థానానికి జరుపుతాయి. తోడి రాగంలోని గాంధారం ఒకచోట నిలిచే స్వరం కాదు. ఆ కదలికే రాగస్వరూపం. సవరణ వేగంగా జరిగితే గమకం దోషంగా లెక్కకు వచ్చి చెరిగిపోతుంది. వేగాన్ని తగ్గించే వీలు సాధనంలో ఉన్నప్పటికీ, తగ్గించవలసిన చోటును గుర్తించేది మనిషే. 'శుద్ధి' అన్న పదం ఆ విచక్షణను మందగింపజేస్తుంది. 'స్వరస్థాన సవరణ' అన్నది జరిగే పనిని మాత్రమే చెబుతుంది; అది మంచిదా కాదా అన్న తీర్పును వినేవారికి విడిచిపెడుతుంది.

4. వ్యవహార పదాలు

స్వీకరించిన ఆంగ్లపదాలు తెలుగునాట కొత్త అర్థాలను పొందాయి. హాలీవుడ్‌లో 'రీరికార్డింగ్' అంటే సంభాషణలు, సంగీతం, ఇతర ధ్వనుల తుది సమ్మేళనం. తెలుగు చిత్రరంగంలో అది నేపథ్య సంగీత రచన. 'ట్రాక్' అంటే సాఫ్ట్‌వేర్‌లో ఒక ధ్వనిని విడిగా ఉంచే వరుస. చిత్రరంగంలో ప్రధాన గాయకుని కన్నా ముందు మరొకరు పాడిపెట్టే పాట. పోటీలలో గాత్రం లేని వాద్యసంగీతం. వీటిని తప్పులుగా కాక అర్థవిపరిణామాలుగా నమోదు చేయాలి.

జనవ్యవహారంలోని 'సౌండు పగులుతోంది' అనే ప్రయోగం కూడా గమనార్హం. ధ్వని గరిష్ఠ పరిమితిని దాటినప్పుడు తరంగ శిఖరాలు తెగిపోవడం క్లిప్పింగ్. అప్పుడు చెవికి తెలిసేది పగులు. స్పీకరు దెబ్బతిన్నా పగులు వినిపిస్తుంది. కనుక ఒకటి కారణాన్ని, మరొకటి అనుభవాన్ని తెలిపే పదాలుగా రెండూ నిలవదగినవే.

5. ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలను రైతుల నోటి నుండి సేకరించింది. స్టూడియో కూడా నేడొక వృత్తిక్షేత్రం. గాయకులు, వాద్యకారులు, ధ్వనిముద్రకులు వాడే పదాలను ముందుగా సేకరించి, అర్థభేదాలను గుర్తించి, లోటున్నచోట మాత్రమే కొత్త పదాలను నిర్మించడం సరైన క్రమం. అలా రూపొందిన పరిభాష ఉన్నప్పుడే, తన గొంతుకు యంత్రం ఏ మార్పు చేస్తున్నదో గాయకుడు తెలుగులో అడగగలడు. అవసరమైతే వద్దని చెప్పగలడు.