పంతులు భయం, పెద్దవాళ్ళ సిగ్గు

మన రచయితల్లో పంతుళ్ళకు కొదవ లేదు. కందుకూరి వీరేశలింగం కోరంగిలో, ధవళేశ్వరంలో పాఠాలు చెప్పినవాడే. చిలకమర్తి లక్ష్మీనరసింహం రాజమండ్రి బడుల్లో పనిచేసినవాడే. కాంతం కథలు రాసిన మునిమాణిక్యం పంతులే. కాళీపట్నం రామారావుగారిని లోకం ‘మాస్టారు’ అనే పిలిచింది. ఇంతమంది పంతుళ్ళు కలం పట్టినా, తరగతి గదిలో నిలబడ్డ మనిషి లోపల ఏం జరుగుతున్నదన్న ప్రశ్న మన కథానికల్లో అరుదుగా మాత్రమే తలెత్తింది. పంతులు ఇంటిని గురించి రాశారు, అప్పుల్ని గురించి రాశారు, ఆయన కూతురి పెళ్ళిని గురించి రాశారు. బడి గంట కొట్టిన తర్వాత ఆయన మనసు మాత్రం కథకు బయటే ఉండిపోయింది.

మనకు స్థిరపడిపోయిన పంతుళ్ళు ఇద్దరు. ఒకాయన పస్తులుండి పిల్లల్ని కలెక్టర్లను చేసి, చివరి పేజీలో కన్ను మూస్తాడు. రెండో ఆయన బెత్తం పట్టిన రాక్షసుడు. ఈ ఇద్దరూ ఒకే మనిషి కావచ్చునన్న అనుమానం మనకు రాదు. ‘బతకలేక బడిపంతులు’ అన్న సామెతను మనం సానుభూతితో వల్లిస్తాం కానీ, ఆ మాట అన్నది ఎవరు? తన పిల్లల్ని ఆయన చేతిలో పెట్టి, ఆయనకు కడుపునిండా తిండి పెట్టని సమాజమే. అందులో సానుభూతికన్నా హేళన పాలు ఎక్కువ.

వీధిబడుల కాలంలో దసరా వచ్చిందంటే పంతులు పిల్లలకు రంగుల విల్లంబులు పట్టించి, పద్యాలు పాడించుకుంటూ ఇంటింటికీ తిప్పేవాడు. పిల్లలకు పప్పుబెల్లాలు, పంతులుకు డబ్బులు. ఈ ఆచారాన్ని గురించి మనవాళ్ళు ముచ్చటగా రాసుకున్నారు. నాకు మాత్రం అందులో ముచ్చట కనబడదు. ఏడాది పొడుగునా ఎవరిని ఒణికించాడో ఆ పిల్లల చేతనే తనకోసం చెయ్యి చాపించవలసి వచ్చిన మనిషి ఆయన. అరుగు మీద కూర్చున్న మోతుబరి తన కొడుకు ముందే ఆయనకు నాణెం విసురుతాడు. పండగ వెళ్ళాక ఆ కొడుకూ ఆ పంతులూ మళ్ళీ ఎదురెదురుగా కూర్చోవాలి. గోడకుర్చీ, తొడపాశం, గుంజిళ్ళు, చివరికి పిల్లవాణ్ణి తాడుకు వేలాడదీసే కోదండం - ఈ శిక్షలన్నీ కేవలం క్రమశిక్షణ కోసం పుట్టినవి కావు. బయట కోల్పోయిన గౌరవాన్ని గది లోపల రాబట్టుకునే ప్రయత్నం వాటిలో కొంత ఉన్నది. దీన్ని మన్నించమని నేననటం లేదు. కారణం తెలియకుండా ఖండిస్తే కథ బలపడదని మాత్రమే అంటున్నాను.

చిలకమర్తి ‘గణపతి’ని మనం ‘హాస్య నవల’ అని ఒక అరలో పెట్టి తాళం వేశాం. చదువు అబ్బని గణపతి చదువు చెప్పటానికి కూర్చోవటంలో నవ్వు ఉన్నమాట నిజం. కాని ఆ నవ్వుకు అడుగున ఒక పరిశీలన ఉన్నది: చెప్పటానికి తన దగ్గర ఏమీ లేదని తెలిసిన పంతులుకే బెత్తం ఎక్కువ అవసరమవుతుంది. ఈ మాట రాసిన మనిషి బడిని బయటనుంచి చూసి ఎగతాళి చేసినవాడు కాదు. 1909లో రాజమండ్రిలో, బడిగడప తొక్కనివ్వని కులాల పిల్లల కోసం రామమోహన పాఠశాల పెట్టి పదమూడేళ్ళు నడిపినవాడు. అదీ చిన్ననాటినుంచి చూపు మందగిస్తూ వచ్చిన కళ్ళతో. అయినా నవలలో గణపతి మనసులోకి ఆయన ఒక హద్దు దాటి వెళ్ళలేదనే నా అభిప్రాయం. నవ్వు దగ్గర ఆగిపోయాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళకు ఆ నవ్వు కూడా చేతకాలేదు, కన్నీళ్ళ దగ్గర ఆగిపోయారు.

బడిలో భయం మెట్లు మెట్లుగా ఉంటుంది. పిల్లవాడికి పంతులంటే భయం, పంతులుకు హెడ్మాస్టరంటే, హెడ్మాస్టరుకు ఇన్స్పెక్టరంటే భయం. ఇన్స్పెక్టరు వస్తున్నాడంటే ముందురోజే గోడలకు సున్నం, తెలివైన పిల్లలకు ముందు వరస. ఈ మెట్లలో పైమెట్టు మీద కూర్చుని ఉద్యోగం చేసిన చలం ‘బిడ్డల శిక్షణ’ రాసి, భయంతో చదువు రాదని వాదించటం మన సాహిత్యంలోని విచిత్రాల్లో ఒకటి. ఆయన పిల్లల పక్షాన రాశాడు. అదే భయం పంతుల్ని ఏం చేస్తుందన్నది ఇతరులు పూరించవలసిన ఖాళీ. అది చాలావరకు ఖాళీగానే మిగిలింది.

1959 నవంబరు 1న పంచాయతీ సమితులూ జిల్లా పరిషత్తులూ ఏర్పడ్డాక ఈ మెట్లకు కొత్త మెట్టు చేరింది. ఎలిమెంటరీ పంతులు బదిలీ ఊరి పెద్దమనిషి దాకా వచ్చింది. డెల్టాలో ఊరి పెద్దమనిషి ఎవరో వేరే చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద పండిన పంట కొన్ని కుటుంబాలను మేడలు కట్టించింది. ఆ మేడలవాళ్ళే బడులకు స్థలాలిచ్చారు, గదులు కట్టించారు, గోడకు పాలరాతి మీద పేర్లు చెక్కించుకున్నారు. ఉపకారమే, కాదనను. అయితే ఆ రాతి కింద రోజూ నడిచి తరగతికి వెళ్ళే పంతులు, కౌలుదారీ గురించి పాఠం చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడా లేదా అని అడిగిన కథ నా కంటబడలేదు.

హెడ్మాస్టరు స్థితి మరీ చిక్కు. మన కథల్లో ఆయన యాజమాన్యానికి తొత్తు. అంతటితో పాత్రచిత్రణ అయిపోయింది. నిన్నటిదాకా తోటివాళ్ళతో బీడీ పంచుకున్న మనిషి, ఇవాళ స్టాఫ్ రూములోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతాయి. కింద యూనియను, పైన కమిటీ, ఎదురుగా తల్లిదండ్రులు. ఎవరితో నిజం చెప్పినా ఇంకొకరి దగ్గర దోషి. ఆ ఒంటరితనం మనిషిని రెండు రకాలుగా మారుస్తుంది. కొందరు రూళ్ళకర్రలవుతారు, కొందరు అందరికీ ‘సరే’ అనటం అలవాటు చేసుకుంటారు. కాకినాడ పి.ఆర్. కాలేజీ ప్రిన్సిపాలుగా 1904 నుంచి 1919 దాకా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఈ రెండు దారులూ తొక్కలేదు. దళిత విద్యార్థులకు, ఆడపిల్లలకు తలుపులు తెరిచాడు. కృష్ణశాస్త్రి వంటి శిష్యులమీద ఆయన ముద్ర చిన్నది కాదు. కాని ఆయన మీద వచ్చిన రచనల్లో నమస్కారాలే ఎక్కువ. తెల్లబట్టల మహర్షిని చూపించారు. వ్యతిరేకతను ఆయన రోజువారీగా ఎట్లా తట్టుకున్నాడో, ఆయన వ్యక్తిత్వం మీద ఆనిన సంస్థ ఆయన వెళ్ళాక ఏమైందో రాయలేదు. మహర్షులకు మనస్తత్వం ఉండదని మనవాళ్ళ నమ్మకం కాబోలు!

ఇక పెద్దవాళ్ళ చదువు సంగతి. ఇక్కడ అభ్యుదయ రచయితలమైన మనమే ఎక్కువ జవాబు చెప్పుకోవాలి. కూలీ రాత్రిబడికి వస్తాడు, మూడో పేజీలో అక్షరాలు నేరుస్తాడు, నాలుగో పేజీలో కామందు రాయించుకున్న దొంగ ప్రోనోటు చదివేస్తాడు, అయిదో పేజీలో తిరగబడతాడు. ఇట్లాంటి కథలు ఎన్ని చదివామో లెక్కలేదు.

1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ళ మధ్యవారిని 10 కోట్లమందిని అయిదేళ్ళలో అక్షరాస్యుల్ని చెయ్యాలన్నది లక్ష్యం. కేంద్రానికి సుమారు 30 మంది, చెప్పేవారికి నెలకు 50 రూపాయలు. కోనసీమలో ఒక పల్లెలో అటువంటి కేంద్రంలో నేను కొన్నాళ్ళు పాఠం చెప్పాను. మొదటి రోజున నాకు తెలిసిన సంగతి ఒకటే: అజ్ఞానం కాదు అడ్డు, సిగ్గు. ధాన్యం బస్తాల లెక్క నాకన్నా వేగంగా నోటితో కట్టగల మనిషి, పలకముందు కూర్చుంటే చెయ్యి ఒణికింది. “మా చేతులు నాగలికండి, బలపానిక్కాదండి” అన్నాడు. తన మనవడు తలుపుసందులోంచి చూసి నవ్వుతాడేమోనని ఆయన వీపు గోడవైపు తిప్పుకుని రాసేవాడు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత ఎంతమందిని బడి మానిపించిందో ఆ రోజుల్లో చూశాను. సామెతలన్నీ ప్రజల పక్షమే అనుకోవటం మన జానపద ప్రేమికుల పొరపాటు.

ఆడవాళ్ళ సంగతి వేరు. ఊడ్పుల రోజుల్లో నడుము విరిగి వచ్చి, గంజి వార్చి, లాంతరు దగ్గర కూర్చునేవాళ్ళు. వాళ్ళకు అక్షరం మీద ఆశ ఎక్కువ, తప్పు రాస్తామన్న భయం ఇంకా ఎక్కువ. “తప్పైతే చెరిపేసుకోవచ్చు కదమ్మా” అంటే, ఒకామె “మా తప్పులెప్పుడు చెరిపారండి ఎవరైనా?” అన్నది. పదినెలలకు ఆమె సంతకం నేర్చింది. అప్పు కాయితం మీద సంతకం పెడతానని వెళితే, అక్కడి గుమాస్తా ఆలస్యమవుతుందని సిరా పెట్టె ముందుకు తోశాడు. ఆమె వేలిముద్ర వేసింది. వేసి, దాని పక్కనే చిన్న అక్షరాలతో పేరు కూడా రాసింది. గుమాస్తా “ఒకటి చాలు” అన్నాడు. మన కథ ప్రకారం ఆమె అక్కడ తిరగబడాలి. ఆమె తిరగబడలేదు, నవ్వి వచ్చేసింది. ఆ నవ్వు ఓటమో గెలుపో నాకు ఇప్పటికీ నిర్ధారణగా తెలియదు. రాయవలసింది ఆ తెలియనితనాన్నే.

చెప్పేవాడి మనసు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. చిన్నపిల్లలకు చెప్పి అలవాటైన గొంతుతో పెద్దవాళ్ళకు చెబితే వాళ్ళు మర్నాడు రారు. బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రేరీ తన ‘పీడితుల విద్యాబోధన’లో (ఇంగ్లీషులో 1970) చెప్పిందీ దాదాపు ఇదే. నేర్చుకునేవాడు ఖాళీకుండ కాడు, అతని బతుకులోని మాటలనుంచే అక్షరం మొదలుకావాలి అని. ఈ మాటను మనవాళ్ళు ఉపన్యాసాల్లో విరివిగా వాడారు, వాచకాల్లో తక్కువ వాడారు.

భాష సంగతి చూడండి. 1906 ప్రాంతంలో తెలుగు నేర్చుకుంటున్న ఏట్సు దొర, జనం మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకంలో తెలుగు మరొకటీ ఎందుకని అడిగాడు. పెద్దయ్యాక చదువుకునే మనిషి మాత్రమే అడగగల ప్రశ్న అది. అది గిడుగు రామమూర్తిని కదిలించింది. 1919లో రాజమండ్రిలో వ్యావహారిక భాష కోసం సమాజం ఏర్పడితే, జీవితమంతా గ్రాంథికంలో రాసిన వీరేశలింగం అధ్యక్షుడుగా కూర్చున్నాడు. 70 ఏళ్ళ పంతులు తన చదువును తానే తిరగదిద్దుకోవటం అది. కొన్ని నెలలకే ఆయన పోయాడు. ఆ వయసులో మనసు మార్చుకోవటానికి ఎంత ధైర్యం కావాలో మన సాహిత్య చరిత్రలు ఒక వాక్యంతో దాటేస్తాయి.

గెలిచిన వ్యావహారికం మాత్రం ఎవరిది? కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళది. అదే డెల్టాలో కోతకు వెళ్ళే మనిషికి ‘ప్రామాణిక’ తెలుగు సగం పరాయిదే. వాచకంలో తన మాట తప్పని దిద్దితే ఆమెకు తెలిసేది వ్యాకరణం కాదు, తన స్థానం.

1990 తర్వాత నెల్లూరు జిల్లాలో జరిగిన అక్షర ఉద్యమాన్ని ఇక్కడ తలచుకోవాలి. అక్షరదీప్తి వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే చిన్న పాఠం ఉన్నది. సారా మీద ఒక ఊరి ఆడవాళ్ళు తిరగబడిన కథ. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు దాన్ని చదివి, తమ ఊళ్ళో సారా దుకాణాన్ని నిలదీశారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. మన అయిదో పేజీ తిరుగుబాటు నిజంగా జరిగింది, మనం రాసిన కథవల్ల కాదు. ఆ పాఠంలో చదువు నేర్చిన కూలీ మహావీరుడు లేడు. వాళ్ళు రోజూ రాత్రి పడే తన్నులు ఉన్నాయి, పక్కింటామె కూడా తంటున్నదన్న గ్రహింపు ఉన్నది. ఒంటరి సిగ్గు పదిమంది మధ్య కోపమయింది. మనస్తత్వం మారటమంటే అదే.

2009 విద్యాహక్కు చట్టం పిల్లలకు శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పంతుళ్ళు సెల్‌ఫోనుకు ముఖం చూపించి హాజరు వేయించుకునే పద్ధతి వచ్చింది. ఇన్స్పెక్టరు జేబులోకి చేరాడన్నమాట. ఈ కొత్త భయానికి పాత కథ పనికిరాదు.

సాహిత్య విద్యార్థులకు ఒక మాట. ప్రబంధ నాయికల మీద సిద్ధాంత గ్రంథాలు విశ్వవిద్యాలయాల్లో దొంతర్లుగా ఉన్నాయి. వయోజన వాచకాలను సాహిత్యంగా సమీక్షించిన వ్యాసం నాకు కనబడలేదు. 1978 నుంచి వచ్చిన వాచకాలను పోగుచేసి, అందులో ఎవరి మాటలున్నాయో, ఎవర్ని దిద్దారో, ఏ పాఠం దగ్గర జనం బడి మానేశారో వాళ్ళనే అడిగి రాయండి. ఆ కేంద్రాల్లో నెలకు యాభై రూపాయలకు చెప్పిన ఆడపిల్లల్లో చాలామంది ఇప్పుడు అరవై దాటి, ఇంకా ఈ ఊళ్ళలోనే ఉన్నారు.