ఎదుగుదల లెక్క, టీచరు మార్కు

పిల్లలు ఎంత ఎదిగారో కొలిచి, దాన్నిబట్టి టీచరుకి మార్కు వేయాలనే మాట ఈమధ్య శిక్షణల్లో, సమీక్షల్లో తరచుగా వినబడుతోంది. కొత్త మాటలా చెబుతున్నారు కానీ దీని వేరు పాతదే. 1862లో ఇంగ్లండులో ఒక పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు బడికి వస్తాడు, ఒక్కో పిల్లవాడి చేత చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. ఎంతమంది పాసైతే బడికి అంత గ్రాంటు. అదే పద్ధతి ఫలితాల గ్రాంటు పేరుతో మన తెలుగు జిల్లాలు అప్పుడున్న మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. 1882లో హంటర్ కమిషన్ దాని మంచిచెడ్డలు చర్చించింది. ఇంగ్లండులో బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతి వల్ల చదువు యంత్రంలా తయారైందని పైవాళ్లకి రాస్తూనే ఉన్నాడు. 1890లలో అక్కడ దాన్ని ఎత్తేశారు.

ఇప్పుడొచ్చిన రూపం దానికన్నా తెలివైనది. ఇది మార్కును కాకుండా ఎదుగుదలను చూస్తానంటుంది. ఈ వాదనలో న్యాయం ఉంది, ముందు అది ఒప్పుకోవాలి. పట్నం బడిలో పిల్ల ఎనభై నుంచి ఎనభై రెండుకి వచ్చింది. ఆశ్రమ పాఠశాలలో పిల్ల సున్నా నుంచి ముప్పైకి వచ్చింది. మార్కు చూస్తే పట్నం టీచరు గొప్ప, ఎదుగుదల చూస్తే ఏజెన్సీ టీచరు గొప్ప. ఏళ్ల తరబడి జిల్లా జాబితాలో మన మండలాలు అట్టడుగున కనిపించడం చూసి తల దించుకున్న వాళ్లకి ఇది ఊరట కలిగించే మాట.

అమెరికాలో దీన్ని చాలా రాష్ట్రాల్లో అమలు చేశారు. డెన్వర్ నగరంలో 1999లో మొదలైన ప్రయోగంలో టీచరే ఏడాది మొదట్లో పిల్లల స్థాయి చూసి, ఇంతమందిని ఇంతవరకు తెస్తానని లక్ష్యం రాసి ప్రిన్సిపాలుతో ఒప్పించుకోవాలి. చివర్లో అది చేరితే అదనపు డబ్బు. వాషింగ్టన్ రాష్ట్రంలో టీచరు మూల్యాంకనానికి ఎనిమిది ప్రమాణాలుంటే వాటిలో మూడింట్లో పిల్లల ఎదుగుదల లక్ష్యాలున్నాయి. ఇంకొన్ని రాష్ట్రాలు టీచరుకి లక్ష్యం రాసే పని కూడా ఇవ్వలేదు. పిల్లల పాత మార్కుల నుంచి ఈ ఏడాది ఎంత రావాలో కంప్యూటరు అంచనా కట్టి, వచ్చినదానికీ అంచనాకీ ఉన్న తేడాను టీచరు ఖాతాలో వేసేది. 2009లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిధుల పోటీ వల్ల ఈ లెక్కలు దేశమంతా పాకాయి.

న్యూయార్క్ రాష్ట్రంలో నాలుగో తరగతి టీచరు ఒకామెకు ఈ లెక్క ఒక ఏడాది ఇరవైకి పద్నాలుగు ఇచ్చింది. మరుసటి ఏడాది ఇరవైకి ఒకటి. బడి అదే, ఆమె చెప్పే తీరు అదే. ఆమె పిల్లలు ముందునుంచే బాగా చదివేవాళ్లు కావడంతో లెక్కలో వాళ్లు ఎదగడానికి చోటే మిగల్లేదు. ఆమె కోర్టుకి వెళితే 2016లో జడ్జి ఆ మార్కును కొట్టేశాడు. అంతకు రెండేళ్ల ముందే అమెరికా గణాంక శాస్త్రవేత్తల సంఘం ఒక ప్రకటన చేసింది. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాల్లో టీచర్ల వల్ల వచ్చేది 1 నుంచి 14 శాతం వరకేనని చాలా పరిశోధనలు చూపుతున్నాయని అందులో చెప్పారు. మిగతాది ఇల్లు, ఊరు, బడి వ్యవస్థ, ఇంకా లెక్కకు అందనివి. 2015 చివర్లో వచ్చిన కొత్త చట్టంతో రాష్ట్రాల మీద కేంద్రం ఒత్తిడి పోయింది.

అది పైకప్పు తగిలిన టీచరు కథ. మనది నేల దగ్గరి కథ. మొదటి గీత ఎక్కడ గీశారన్నదే మనకు అసలు గొడవ.

కోయ గూడెంలో జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్లకు ఇంటి బొమ్మ చూపించి ఇదేంటమ్మా అని అడగండి. "లోను" అంటుంది. నీళ్ల గ్లాసు చూపిస్తే "ఏరు" అంటుంది. కోయ భాషలో రెండూ సరైన జవాబులే. తెలుగు మాత్రమే తెలిసిన చెవికి మొదటిది "లోన" అన్నట్టు, రెండోది వాగు గురించి చెప్పినట్టు వినిపిస్తుంది. కోయ, తెలుగు అక్కచెల్లెళ్ల లాంటి భాషలు కాబట్టి మాటలు దగ్గరగా ఉండి అర్థాలు పక్కకి జరిగాయి. బేస్‌లైన్ షీటులో మాత్రం రెండింటికీ సున్నా పడుతుంది. ఆ సున్నాను పిల్లకు ఏమీ రాదని చదువుతాం. నిజానికి అక్కడ రాయాల్సింది, పిల్లకు వచ్చిన భాషలో ఎవరూ అడగలేదని.

అదే పిల్ల డిసెంబరు నాటికి ఏడవకుండా బడికి వస్తుంది. టీచరు చెప్పింది వింటుంది, "పలక తీయండి" అంటే తీస్తుంది, పక్క పిల్ల తప్పు చెబితే కోయలో సరిదిద్దుతుంది, "ఇల్లు" అన్న మాట తెలుసుకుని "లోను" పక్కన పెట్టుకుంటుంది. ఒకటో తరగతి మొదటి ఆరు నెలల్లో మన పిల్లల ఎదుగుదల అంతా చెవిలో జరుగుతుంది. పరీక్ష మాత్రం కళ్లనూ వేళ్లనూ అడుగుతుంది. ఆ పిల్ల షీటులో ఇంకా "అక్షరాల స్థాయి" దగ్గరే ఉంటుంది, టీచరు ఎదుగుదల తేలేనివాడవుతాడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, నన్నడిగితే ఇదే ఎక్కువ ప్రమాదం. తెలుగు లిపిలో ఎలా రాస్తే అలా పలుకుతాం. గుణింతాలు గట్టిగా రుద్దితే అర్థం తెలియకుండానే పిల్ల గడగడా చదివేస్తుంది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం ప్రకారం రెండో తరగతి చివరికి పిల్ల నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 పదాలు చదవాలి. అర్థం చేసుకుంటూ అన్న మాట కూడా ఆ లక్ష్యంలో ఉంది. కానీ తనిఖీకి వచ్చినవారికి గడియారం చూడటం తేలిక, పిల్లకు అర్థమైందో లేదో చూడాలంటే ఆ పిల్ల భాష రావాలి. అలా కోయ ముక్క రాని టీచరు దగ్గర గ్రాఫు పైకి లేస్తుంది, భాష తెలిసి మెల్లగా మెట్టు కట్టుకుంటూ వచ్చిన టీచరు దగ్గర పడుకుంటుంది. ఇద్దరిలో ఎవరు మంచి టీచరని ఆ గ్రాఫును అడిగితే తప్పు జవాబు చెబుతుంది.

ఇక సంఖ్య. తొమ్మిది మంది పిల్లలున్న తరగతిలో ఒక్కో పిల్ల పదకొండు శాతం. ఎనభై శాతం మంది లక్ష్యం చేరాలంటే ఏడుగురు సరిపోరు, ఎనిమిది మంది కావాలి. జనవరి దాటాక మిరప కోతలకు అమ్మానాన్నలతో ఇద్దరు పిల్లలు పోయారంటే ఏడాది పని అక్కడితో సరి. ఒక సమీక్షలో పై అధికారి ఒకరు నన్ను నిలబెట్టి "ఏం మాస్టారూ, మీ గ్రాఫు ఎందుకు లేవలేదు?" అన్నారు. "కోతలకు పోయిన పిల్లలు ఇంకా రాలేదండీ" అన్నాను. ఆ జవాబు రాసుకోవడానికి ఆయన దగ్గరున్న ఫారంలో గడి లేదు. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు పోతే ఐదు శాతం, అక్కడ అది కనిపించదు కూడా. చిన్న బడికి పెద్ద బడి లెక్క వాడితే వచ్చే అంకెలో టీచరు పనికన్నా అదృష్టం పాలు ఎక్కువ.

మొదటి గీత తగ్గించుకునే చిట్కాలు ఇక చెప్పక్కర్లేదు. జ్వరాల కాలంలో బేస్‌లైన్ పెడితే మార్కు దానంతటదే తగ్గుతుంది, చలికాలంలో మిడ్‌లైన్ పెడితే ఎదుగుదల దానంతటదే వస్తుంది. కొలిచేదీ, కొలతను బట్టి మంచి చెడూ అనిపించుకునేదీ ఒకే మనిషి అయినప్పుడు అంకె వంగుతుంది. దీన్ని టీచర్ల నిజాయితీ లోపం అనడం సులువు. త్రాసును అమ్మేవాడి చేతికే ఇచ్చినవాళ్లని కూడా ఒక మాట అనాలి కదా.

ఇంతా చెప్పి మన నేల మీదే జరిగిన ఒక పెద్ద ప్రయోగాన్ని దాటేస్తే అది విమర్శ అనిపించుకోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు, రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకులతో కలిసి పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో దీన్ని చేశారు. పిల్లల సగటు ఎదుగుదల ఐదు శాతం దాటితే, ఆపైన ప్రతి ఒక్క శాతానికీ టీచరుకి 500 రూపాయల బోనసు. రెండేళ్ల తర్వాత బోనసు ఉన్న బడుల పిల్లలు లేని బడుల పిల్లలకన్నా లెక్కల్లోనూ తెలుగులోనూ మెరుగయ్యారు. బోనసుతో ముడిపెట్టని సైన్సు, సాంఘికంలో కూడా మెరుగే. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. బడికి వచ్చిన రోజుల్లో అదనపు క్లాసులు, అభ్యాస పరీక్షలు పెరిగాయి.

ఈ ఫలితాన్ని నేను కొట్టిపారేయను. అయితే దాన్ని చూపించి మన బడుల్లో గ్రాఫు పెట్టేవాళ్లు కొన్ని సంగతులు వదిలేస్తున్నారు. అక్కడ పరీక్ష పెట్టింది బయటివాళ్లు. లక్ష్యం చేరనివాళ్లకి బోనసు రాలేదు, అంతే. మెమో లేదు, నిలబెట్టడం లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, అదే ప్రయోగంలో కొన్ని బడులకి బోనసు లేకుండా, పిల్లల స్థాయి ఇదీ అని పరీక్ష పెట్టి నివేదిక మాత్రం ఇచ్చారు. ఆ బడుల్లో పిల్లల మార్కులు పెరగలేదు. కొలవడం ఒక్కటే మందు కాదని ఆ ప్రయోగమే తేల్చింది. మరికొన్ని బడులకి అదనంగా ఒక కాంట్రాక్ట్ టీచర్ని ఇచ్చారు, అక్కడ మార్కులు పెరిగాయి. ఐదు తరగతులకి ఒకే టీచరున్న గూడెం బడికి గ్రాఫు కాగితం కన్నా రెండో మనిషి అవసరమని మన పెద్దలు ఎప్పటినుంచో అంటున్నదే ఇది. మరి సమీక్షల్లో ఆ ప్రయోగం గురించి చెప్పేవాళ్లు బోనసు మాట ఎత్తరు, రెండో టీచరు మాట అసలే ఎత్తరు. మిగిలిన కొలత ఒక్కటే మన దగ్గరికి వచ్చింది.

2020 జాతీయ విద్యా విధానం కూడా టీచర్ల ప్రమోషన్, జీతం పనితీరును బట్టి ఉండాలంటుంది. కానీ ఒకే అంకె మీద ఆధారపడమనలేదు. తోటి టీచర్ల అభిప్రాయం, హాజరు, నిబద్ధత, శిక్షణ గంటలు, బడికీ సమాజానికీ చేసిన సేవ, ఇలా అనేక కొలమానాలు పెట్టమంది. గూడెంలోనే ఉండి, పెద్దల పంచాయితీలో కూర్చుని, ఆడపిల్లని మళ్లీ బడికి పంపేలా ఒప్పించిన పని ఆ జాబితాలో పడుతుంది. ఎదుగుదల గ్రాఫులో పడదు.

మన యువతకి ఇది ఎందుకు పట్టాలో చెబుతాను. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. బయటి నుంచి వచ్చిన టీచర్లు బడికి రాకపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ నూరు శాతాన్ని కొట్టేసింది. ఇప్పుడు మన పోస్టు మనకెందుకో మళ్లీ వాదించుకోవాల్సిన రోజులివి. పిల్ల భాష తెలిసిన టీచరు వల్ల పిల్లకేం మేలు అన్నదే ఆ వాదనకి గుండెకాయ. ఆ మేలును లెక్కలోకి తీసుకోని కొలత స్థిరపడితే, రేపు అదే కొలత చూపించి "స్థానిక టీచరుకీ బయటి టీచరుకీ తేడా ఏముంది, చూడండి గ్రాఫు" అంటారు. అప్పుడు మన దగ్గర చూపించడానికి వేరే కాగితం ఉండాలి.

ఆ కాగితం తయారు చేసుకోవడం మన చేతుల్లో పనే. బేస్‌లైన్ మౌఖిక భాగాన్ని పిల్ల మాతృభాషలోనూ తెలుగులోనూ రెండుసార్లు పెట్టి, రెండు గడుల్లో రాయాలి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలతో బహుభాషా విద్య మొదలుపెట్టినప్పుడు కోయ, గోండి, కొలామి, సవర, కువి మాటలు పుస్తకాల్లోకి ఎక్కాయి. చాలా బడుల బీరువాల్లో అవి ఇంకా ఉన్నాయి, బొమ్మలు అడగడానికి అవి చాలు. వలస పోయిన రోజులు పిల్ల పేరు పక్కన వేరుగా రాయాలి. పది మంది కన్నా తక్కువ ఉన్న తరగతికి శాతం వేయొద్దని, పిల్లవారీగా నాలుగు మాటలు రాస్తామని కాంప్లెక్స్ సమావేశంలో తీర్మానం పెట్టాలి. పక్క గూడెం టీచరు వచ్చి మన పిల్లల్ని అడగాలి, మనం వెళ్లి వాళ్ల పిల్లల్ని అడగాలి.

డీఎడ్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రాక్టీసు టీచింగుకి మా బడుల వైపు వచ్చినప్పుడు ఈ రెండు గడుల షీటును ఒక తరగతిలో వేసి చూడండి. జూన్‌లో ఒకసారి, దీపావళి సెలవుల తర్వాత ఒకసారి. మొదటి గడిలో ఎన్ని జవాబులొచ్చాయో, రెండో గడిలోకి వాటిలో ఎన్ని దాటాయో లెక్కపెట్టి, ఈ పుస్తకం తర్వాతి సంచికకి పంపండి.