ధ్యానం ఒంటరి పని కాదు

విపశ్యనలో చేయాల్సిందేమిటో ఒక్క పేజీలో రాసెయ్యొచ్చు. కళ్లు మూసుకుని కూర్చోవాలి. ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడాన్ని గమనించాలి. మనసు కాస్త కుదురుకున్నాక తల నుంచి పాదాల దాకా ఒంట్లో కలిగే స్పందనలను వరసగా చూసుకుంటూ పోవాలి. హాయిగా ఉంటే పట్టుకు వేలాడకూడదు, బాధగా ఉంటే విదిలించుకోకూడదు. అంతే. ఈ మాత్రం దానికి పది రోజులు ఇల్లు వదిలి, ఫోను ఆఫీసులో అప్పగించి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండాలా? యూట్యూబ్ చూసి నేర్చుకుంటే సరిపోదా?

అడగాల్సిన ప్రశ్నే. సాధన పద్ధతి ఎంత సులువుగా చెప్పొచ్చో, దాన్ని సొంతంగా తప్పుదోవ పట్టించుకోవడం అంత సులువు. అందుకే బౌద్ధంలో పద్ధతితో పాటు గురువుకీ తోటి సాధకులకీ అంత చోటు దక్కింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కేంద్రాలున్న గోయెంకా విపశ్యన సంప్రదాయాన్ని చూస్తే ఆ సంగతి బాగా అర్థమవుతుంది.

రైతు, లెక్కల అధికారి, వ్యాపారి

మన నేల మీద పుట్టిన ఈ సాధన ఇక్కడ కనుమరుగైనా బర్మాలో నిలిచింది. అక్కడా చాలాకాలం భిక్షువుల సొత్తుగానే ఉండేది. గృహస్థులకు దాన్ని అందించినవాళ్లలో ముఖ్యుడు లేడీ సయాడో (1846–1923), పాళీ గ్రంథాలను మథించిన భిక్షువు. ఆయన దగ్గర నేర్చుకున్న సయా తెట్‌జీ వ్యవసాయం చేసుకునే మనిషి. ఇక నువ్వు నేర్పవచ్చని గురువు చెప్పాకే ఆయన నేర్పడం మొదలుపెట్టారు. ఆ రైతు దగ్గరికి 1937లో ఊ బా ఖిన్ వచ్చారు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో చిన్న గుమాస్తాగా చేరి, 1948లో బర్మా స్వతంత్ర దేశమైనప్పుడు అదే శాఖకు అధిపతి అయిన వ్యక్తి ఆయన. 1952లో రంగూన్‌లో అంతర్జాతీయ ధ్యాన కేంద్రాన్ని స్థాపించి, ప్రభుత్వ ఉద్యోగం చేస్తూనే అక్కడ సాధన నేర్పారు.

1955లో ఆయన దగ్గరికి సత్యనారాయణ గోయెంకా వెళ్లారు. మాండలేలో పుట్టి పెరిగిన మార్వాడీ వ్యాపారి. ఏ వైద్యానికీ లొంగని మైగ్రేన్ ఆయన్ని పీడించేది. తలనొప్పి పోగొట్టుకోవడానికైతే రావద్దని ఊ బా ఖిన్ మొహం మీదే చెప్పేశారు. మనసు శుభ్రపడితే దాంతో పాటు తలనొప్పి పోతే పోవచ్చు, దాని కోసమే వస్తే మాత్రం సాధన విలువ దిగజారిపోతుందని ఆయన ఉద్దేశం. సనాతన ఆచారాల ఇంట్లో పెరిగిన గోయెంకాకు ఇంకో బెంగ కూడా ఉండేది: బౌద్ధుల దగ్గరికి వెళ్తే తన మతం ఏమైపోతుందోనని. శీలం, సమాధి, ప్రజ్ఞ, నేను నేర్పేది ఈ మూడే, వీటిలో దేనికి మీ మతం అడ్డు చెబుతుందన్నారు గురువు. ఆ బెంగ అక్కడితో తీరింది.

గోయెంకా ఆ గురువు దగ్గర పద్నాలుగేళ్లు సాధన చేశారు. 1969లో భారతదేశం వచ్చి, ముంబైలో తన తల్లిదండ్రులతో పాటు కొద్దిమందికి మొదటి కోర్సు నడిపారు. 1976లో మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ధమ్మగిరి, అదే ఏడాది హైదరాబాద్ శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త మొదలయ్యాయి. 2013లో ఆయన కన్నుమూసేనాటికి కేంద్రాలు ఎన్నో దేశాలకు విస్తరించాయి. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా రెండు వందలకు పైగా ఉన్నాయి. మన దగ్గర నాగార్జునసాగర్‌లో, ఏలూరు సమీపంలోని విజయరాయిలో, నిజామాబాద్‌లో కూడా నడుస్తున్నాయి.

ఈ వరసలో పీఠాలు లేవు, వారసత్వాలు లేవు. రైతు నుంచి ఉద్యోగికి, ఉద్యోగి నుంచి వ్యాపారికి అందిన విద్య ఇది. తనంతట తానే గురువునని ప్రకటించుకున్నవాళ్లు ఈ వరసలో ఒక్కరూ కనబడరు.

పది రోజుల పాఠం

కోర్సు శీలంతో మొదలవుతుంది. హింస, దొంగతనం, లైంగిక సంబంధం, అబద్ధం, మత్తు పదార్థాలు, ఈ ఐదింటికీ పది రోజుల పాటు దూరంగా ఉంటామని మాట ఇవ్వాలి. నీతి బోధ కోసం పెట్టిన నియమం కాదిది. అబద్ధమాడిన మనసు, ఒకరిని నొప్పించిన మనసు కళ్లు మూసుకోగానే ఆ సంగతే తవ్వుకుంటూ కూర్చుంటుంది. అలాంటి మనసుతో ఊపిరిని గమనించడం కుదరదు. ఆర్యమౌనం కూడా ఇందుకే. తోటివాళ్లతో మాట, సైగ, చూపు ఏదీ ఉండదు. పుస్తకం, పెన్ను, ఫోను ఉండవు. ఆచార్యులతోనూ, అవసరానికి ధమ్మసేవకులతోనూ, అంటే సేవకు వచ్చిన పాత సాధకులతోనూ మాత్రం మాట్లాడొచ్చు.

తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. నాలుగున్నర నుంచి సాధన. ఆరున్నరకు ఫలహారం, పదకొండింటికి భోజనం, సాయంత్రం ఐదింటికి టీ, పండ్లు. రాత్రి ఏడింటికి గోయెంకా ప్రవచనం వినిపిస్తారు. తెలుగు అనువాదమూ దొరుకుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేస్తారు. ఈ మధ్యలో కూర్చునే సమయమంతా కలిపితే రోజుకు దాదాపు పది గంటలు.

మొదటి మూడు రోజులూ ఆనాపాన, అంటే ఊపిరిని గమనించడం. ప్రాణాయామం అలవాటున్నవాళ్లు ఇక్కడే తడబడతారు. ప్రాణాయామంలో ఊపిరిని మనం నడిపిస్తాం. ఇక్కడ అది ఎలా నడిస్తే అలా చూడాలి. పొడుగ్గా వస్తే పొడుగు, పొట్టిగా వస్తే పొట్టి, ఎడమ ముక్కు నుంచి వస్తే ఎడమ. జపం ఉండదు, దేవుడి రూపం ఉండదు, అంకెలు లెక్కపెట్టడం కూడా ఉండదు. మంత్రంతో మనసు త్వరగా కుదురుకుంటుందని ఈ సంప్రదాయమూ ఒప్పుకుంటుంది. అయితే ఇక్కడ కావలసింది కుదురు ఒక్కటే కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు చూసే అలవాటు. రోజులు గడిచేకొద్దీ గమనించే చోటు చిన్నదవుతూ చివరికి పైపెదవికి పైన, ముక్కు కింద ఉన్న కాస్త జాగాకు చేరుతుంది. చోటు తగ్గేకొద్దీ మనసు పదునెక్కుతుంది. అంతకుముందు తెలియని దురద, వెచ్చదనం, అదురు తెలియడం మొదలవుతుంది.

నాలుగో రోజున విపశ్యన నేర్పుతారు. ఆ పదునైన మనసుతో ఇప్పుడు ఒళ్లంతా చూడాలి. ఒకచోట బరువు, ఒకచోట తిమ్మిరి, మోకాలిలో పోటు, వీపు మీద చెమట. దీని వెనక బుద్ధుడి తర్కం సూటిగా ఉంటుంది. మనం కోపగించుకునేది ఎదుటివాడి మాట మీద అనుకుంటాం. ఆ మాట చెవిన పడ్డాక ఒంట్లో ఒక స్పందన పుడుతుంది. మనసు ఎగిరిపడేది దాని మీద. స్పందనకూ తృష్ణకూ మధ్య ఉన్న ఆ లంకెను తెంపగలిగితే దుఃఖం అక్కడే ఆగుతుంది. పుట్టిన ప్రతి స్పందనా పోతుందని ఒంటితోనే తెలుసుకుంటే దాని మీద రాగద్వేషాలు సడలుతాయి. ఆ సమభావాన్నే ఉపేక్ష అంటారు.

నాలుగో రోజు నుంచే అధిష్ఠానం. రోజుకు మూడుసార్లు, గంట చొప్పున, కాళ్లూ చేతులూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవడం. మొదట్లో ఇది శిక్షలాగే ఉంటుంది. నలభయ్యో నిమిషంలో భరించలేమనుకున్న మోకాలి నొప్పి యాభయ్యో నిమిషానికి దానంతటదే చెదిరిపోవడం చూసినవాడికి అనిత్యం గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. పదో రోజు మంగళమైత్రి నేర్పి మౌనం విడిపిస్తారు. అన్ని రోజులూ లోపలికి తిరిగిన మనసును నలుగురి మేలు కోరుతూ బయటికి తిప్పడం అది.

గురువు ఎందుకు?

సూచనలూ ప్రవచనాలూ గోయెంకా గొంతుతో రికార్డు చేసినవే. మరి ఎదురుగా కూర్చున్న ఆచార్యుల పనేమిటి? మృదంగం నేర్చుకునే పిల్లవాడి చెయ్యి ఎక్కడ తప్పుతోందో వాడికి తెలియదు, గురువు చెవికి తెలుస్తుంది. ఇక్కడా అంతే. కొత్త సాధకుడు తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. స్పందన దొరకకపోతే ఊహించుకుంటాడు. ఒళ్లంతా సన్నని ప్రవాహంలా హాయిగా అనిపించిన రోజున అదే మోక్షమనుకుని, మర్నాడు అది రాకపోతే దిగులుపడతాడు. సుఖాన్ని పట్టుకోకూడదన్న పాఠం నేర్చుకోవడానికి వచ్చి ధ్యానంలోనే ఒక కొత్త సుఖానికి అలవాటు పడిపోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. పుస్తకం ఈ ప్రమాదం గురించి చెప్పగలదు. మీరు అందులో పడ్డారని మాత్రం చెప్పలేదు.

అందుకే ఆచార్యులు కోర్సు మధ్యలో నలుగురైదుగురిని ముందుకు పిలిచి, స్పందనలు తెలుస్తున్నాయా, మనసు ఎంతసేపు నిలుస్తోందని అడుగుతారు. మధ్యాహ్నం విడిగా వెళ్లి మాట్లాడొచ్చు, రాత్రి ప్రవచనం అయ్యాక ప్రశ్నలు అడగొచ్చు. మనసు మరీ అల్లకల్లోలంగా ఉంటే కాసేపు మళ్లీ ఊపిరికే రమ్మంటారు. జవాబులు పొట్టిగా ఉంటాయి. తత్వచర్చ ఆశించి వెళ్లినవాళ్లకు ఇది నిరాశే. ఇక్కడ పద్ధతి అంతే. మిగతా బౌద్ధ సంప్రదాయాల్లో వేరుగా ఉంటుంది. మహాసి సయాడో (1904–1982) మార్గంలో పొట్ట ఎగసి తగ్గడాన్ని గమనిస్తూ, కలిగిన అనుభవాలను సాధకుడు గురువుకు ఎప్పటికప్పుడు విన్నవిస్తాడు. థాయిలాండ్‌లో అజాన్ చా (1918–1992) అడవి ఆరామాల్లో ఊడవడం, భిక్షకు వెళ్లడం, గురువుతో కలిసి బతకడం, అన్నీ పాఠంలో భాగమే.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. పది రోజుల మౌనం అందరికీ పడదు. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవాళ్లకు, ఈమధ్యే పెద్ద కుంగుబాటుకు గురైనవాళ్లకు ఇది మేలు కన్నా కీడు చేయొచ్చు. దరఖాస్తులో ఆరోగ్యం గురించి, వాడుతున్న మందుల గురించి అడిగేది అందుకే. అక్కడ నిజం దాచడమంటే గురువు చేతులు కట్టేయడమే. డాక్టరు ఇచ్చిన మందులు ధ్యానం కోసం సొంతంగా మానేయడం అంతకంటే పెద్ద తప్పు.

ఎవరో పెట్టిన అన్నం

కోర్సుకు ఫీజు లేదు. బసకూ భోజనానికీ కూడా డబ్బు తీసుకోరు. ఆచార్యులకు జీతం ఉండదు. వంటింట్లో వడ్డించేవాళ్లు ఇంతకుముందు కోర్సు చేసి, ఇప్పుడు సేవకు వచ్చినవాళ్లు. కనీసం ఒక పది రోజుల కోర్సు పూర్తి చేసినవాళ్ల దగ్గరే దానం స్వీకరిస్తారు. అంటే మీరు తినే అన్నం ఖర్చు ముఖమైనా తెలియని పాత సాధకుడెవరో భరించాడు. మీరిచ్చేది, ఇవ్వాలనిపిస్తే, మీ తర్వాత వచ్చేవాళ్లకు చెందుతుంది.

ఈ ఏర్పాటు సాధన మీద కూడా ప్రభావం చూపుతుంది. డబ్బు కట్టినవాడు గది బాగాలేదని, కూరలో ఉప్పు తగ్గిందని అడిగే హక్కుంది అనుకుంటాడు. ఒకరి దయతో తింటున్నవాడికి ఆ అహం లేవదు. లక్షాధికారీ, ఆటో నడిపే మనిషీ ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కుని ఒకే బంతిలో కూర్చుంటారు. కులమేదని, మతమేదని ఎవరూ అడగరు.

మౌనంలో స్నేహమేమిటి అనొచ్చు. తెల్లవారుజామున లేవలేక లేచినప్పుడు, పక్క గదివాళ్లు చీకట్లో హాలు వైపు నడుస్తుంటే మన కాళ్లూ కదులుతాయి. యాభై మంది కదలకుండా కూర్చున్నచోట మనమూ ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకుంటాం. ఆధ్యాత్మిక జీవితంలో సగం మంచి స్నేహమేనని శిష్యుడు ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దినట్టు సంయుత్త నికాయం అనే పాళీ గ్రంథం చెబుతుంది.

తెలుగు నేలకు ఇది కొత్త కాదు. విశాఖ దగ్గర తొట్లకొండ మీద భిక్షువుల గదులతో పాటు వంటశాల, భోజనశాల శిథిలాలు ఉన్నాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో బోధిసిరి అనే ఉపాసిక సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించినట్టు శాసనం ఉంది. దూరం నుంచి గురువులు రావడం, వాళ్లకు గృహస్థులు నీడ కల్పించడం ఆనాడే ఇక్కడి పద్ధతి. ఈనాడు విజయరాయి కేంద్రం ఉన్న ఏలూరు జిల్లాలోనే గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి.

ఈ సాధన జైళ్లలోకీ వెళ్లింది. 1975లో జైపూర్ సెంట్రల్ జైల్లో ఖైదీలకు కోర్సు పెట్టారు. కిరణ్ బేదీ తిహార్ జైళ్ల ఐజీగా ఉన్నప్పుడు, 1994 ఏప్రిల్‌లో అక్కడ వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి కోర్సులో కూర్చున్నారు. పారిపోవడానికి వీల్లేనిచోట మనసును ఎదుర్కోవడం ఎలా ఉంటుందో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

వెళ్లాలనుకుంటే

కోర్సు తర్వాత రోజూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట సాధన చేయమంటారు. ఇంటికొచ్చాక చాలామంది ఇది నిలబెట్టుకోలేరు. పాత సాధకులు వారానికోసారి కలిసి కూర్చునే సామూహిక సాధన, ఒకరోజు కోర్సులు ఇందుకే ఉన్నాయి. మీ ఊళ్లో అలాంటి బృందం ఉంటే వెతికి పట్టుకోండి.

ఈ సంప్రదాయమే కానీ, ఇంకొకటే కానీ, గురువును ఎంచుకునేటప్పుడు నాలుగు సంగతులు చూడండి. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారు? డబ్బు అడుగుతున్నారా? ప్రశ్నిస్తే చిరాకు పడుతున్నారా? మీ అనుభవాన్ని నమ్మమంటున్నారా, తనను నమ్మమంటున్నారా? ఈ నాలుగింటికీ సరైన జవాబు దొరికినచోట నిస్సంకోచంగా కూర్చోండి. విపశ్యన కోర్సుకైతే ముందురోజు సాయంత్రం చేరి, పదకొండో రోజు ఉదయం బయల్దేరాలి కాబట్టి క్యాలెండర్‌లో పన్నెండు రోజులు ఖాళీ పెట్టుకుని దరఖాస్తు చేయండి. మధ్యలో వచ్చేద్దాంలే అన్న ఆలోచన ఉంటే ఇప్పుడు వెళ్లకండి. ఆ చోటు ఇంకొకరికి దక్కుతుంది.