తొందర నేర్పడానికి ఆఫీసులున్నాయి

జర్నలిజం కోర్సులో చేరిన పిల్లలు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న, కెమెరా చేతికి ఎప్పుడిస్తారని. వాళ్ల ఆత్రం నాకు ఇష్టమే. డెస్క్‌లో పనిచేస్తూ, పిలిచినప్పుడు విశ్వవిద్యాలయాలకు వెళ్లి పాఠం చెప్పే మనిషిగా నేను వాళ్లకు చెప్పేది ఒకటే. కెమెరా, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, పేజినేషన్ ఉద్యోగంలో చేరాక అవసరమే నేర్పిస్తుంది. అక్కడ నేర్పలేనిది వార్తను ఆసాంతం సరిచూసుకోవడం. ఎడిషన్ టైమ్ తరుముతున్నప్పుడు, బ్రేకింగ్ కోసం ఔట్‌పుట్ వాళ్లు కేకలేస్తున్నప్పుడు, కొత్త కుర్రాణ్ని కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఆ తీరిక ఉన్నది క్యాంపస్‌లోనే.

డిగ్రీలు లేకుండానే పెద్దలు పత్రికలు నడిపారు కదా అంటారు కొందరు. నిజమే. ఉస్మానియాలో జర్నలిజం విభాగం వచ్చింది 1954లో. అప్పటికి చాలా ముందే, 1926లో, గోలకొండ పత్రికను మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి చదివింది న్యాయశాస్త్రం. తెలంగాణలో కవులే లేరన్న మాట వినబడినప్పుడు ఆయన ఒక ఘాటైన జవాబు రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి వివరాలు రప్పించి, 350 మందికి పైగా కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేశారు. మాటకు మాట అనడం కంటే రుజువు పోగుచేయడం ఎంత కష్టమో, ఎంతకాలం నిలుస్తుందో ఆ పుస్తకం చెబుతుంది. డిగ్రీ ఇవ్వాల్సింది ఆ ఓపికనే.

క్లాసులో నేను తరచుగా చేయించేది రోడ్డు ప్రమాదం వార్త. మండలం నుంచి కంట్రిబ్యూటర్ పంపినట్టుగా ఒక కాపీ ఇస్తాను: ఆటోను లారీ ఢీకొంది, ముగ్గురు చనిపోయారు, డ్రైవర్ మద్యం మత్తులో ఉన్నాడు. పిల్లలు లీడ్ మార్చి, వాక్యాలు చక్కబెట్టి, హెడ్డింగ్ పెట్టి చకచకా తెచ్చిస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ముగ్గురని చెప్పిందెవరు? ఎస్సై ఆ మాట ప్రమాదం జరిగిన చోట చెప్పారా, ఆస్పత్రికి వెళ్లొచ్చాక చెప్పారా? పెద్దాస్పత్రికి తరలించిన వాళ్ల పరిస్థితి ఏమిటి? మత్తులో ఉన్నట్టు పరీక్షలో తేలిందా, గుమిగూడిన వాళ్లు అన్న మాటా? ఇంతకీ ఏ డ్రైవర్, లారీదా, ఆటోదా? ఈ చివరి ప్రశ్న చాలామందికి తట్టదు. చనిపోయిన ఆటో డ్రైవర్‌ను తాగుబోతుగా రాసేస్తే అతని ఇల్లాలు ఊళ్లో ఆ నింద మోయాలి. మర్నాడు లోపలి పేజీలో వేసే సవరణ ఆమె దాకా వెళ్లదు.

థియరీ పేపర్లంటే పిల్లలకు విసుగు. హెరాల్డ్ లాస్వెల్ 1948లో చెప్పిన సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పడతారు: ఎవరు, ఏం, ఏ మాధ్యమంలో, ఎవరికి చెబుతున్నారు, దాని ప్రభావమేమిటి? దాన్నే ఒక కార్పొరేట్ కాలేజీ ర్యాంకుల ప్రెస్‌నోట్ మీద పెట్టి చూడమంటాను. చెబుతున్నది కాలేజీ యాజమాన్యం. ర్యాంకులు చెప్పింది గానీ, మొత్తం ఎందరు పరీక్ష రాశారో చెప్పలేదు. వింటున్నది ఇంటర్లో పిల్లను చేర్పించాల్సిన తండ్రి. ప్రభావం ఆయన చేయబోయే అప్పు. ఇలా విడగొట్టాక ఆ నోట్‌ను ఉన్నదున్నట్టు వార్తగా వేయడానికి చెయ్యి రాదు.

సరిచూసే అలవాటుకు ఇంకో సాధనం 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే అప్పీలుకు వెళ్లవచ్చు. రోజువారీ పనిలో ఉన్న రిపోర్టర్‌కు నెల రోజులు ఆగడం కష్టం. విద్యార్థికి సెమిస్టర్ ఉంది. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని ఒక్క దరఖాస్తు పెట్టండి. వచ్చిన కాగితం పట్టుకుని అక్కడికి వెళ్లి చూడండి. కాగితంలో ఉన్నదానికీ కళ్లకు కనబడినదానికీ తేడా ఉంటే అదే మీ మొదటి వార్త.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచునూరుకు కూడా ఒకసారి వెళ్లాలి. అక్కడ 2008 నుంచి సంఘం రేడియో అనే కమ్యూనిటీ రేడియోను దళిత మహిళలు నడుపుతున్నారు. విత్తనాలు, చిరుధాన్యాలు, పండగలు, పాటలు, అన్నీ వాళ్ల మాటలోనే. కమ్యూనికేషన్ చదివేవాళ్లు ఎంతసేపూ జనానికి ఎలా చెప్పాలనే ఆలోచిస్తారు. జనమే చెబుతుంటే ఎలా ఉంటుందో అక్కడ వినవచ్చు.

ఉద్యోగం సంగతి దాచకూడదు. తెలుగు పత్రికల్లో మొదటి జీతాలు తక్కువ, మండలాల్లో చాలామంది రాసిన వార్త నిడివిని బట్టి ఇచ్చే లైన్ అకౌంట్ మీదే నెట్టుకొస్తున్నారు. అయితే ఈ చదువుకు దారి ఒకటే కాదు. ఆకాశవాణి, ప్రభుత్వ పౌర సంబంధాల శాఖ, కంపెనీల కమ్యూనికేషన్ విభాగాలు, ప్రకటనల సంస్థలు, ఫ్యాక్ట్‌చెక్ డెస్కులు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. ఎక్కడికెళ్లినా అడిగేది స్పష్టంగా రాయడం, చెప్పినదానికి ఆధారం చూపడం. పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో వింటారు, తెలుగు మీడియాలో పని చేయాల్సింది మాత్రం తెలుగులో. కాబట్టి రోజూ ఒక పేజీ తెలుగు రాసి, పత్రిక చదివే ఇంట్లోవాళ్లకో హాస్టల్ వంటమనిషికో వినిపించండి. వాళ్లకు అర్థం కాని వాక్యాన్ని మళ్లీ రాయండి.

అధ్యాపకులకూ ఒక మనవి. విద్యార్థులు తయారుచేసే ల్యాబ్ జర్నల్‌ను మార్కుల కోసం బీరువాలో దాచకండి. అచ్చువేసి క్యాంపస్ చుట్టూ ఉన్న బస్తీల్లో పంచండి. తప్పు రాస్తే నిలదీసే పాఠకుడు చదువుకునే రోజుల్లోనే ఎదురవ్వాలి. పిల్లలకు నేను చెప్పేది ఇదే: ఈ రెండేళ్లు నిదానంగా పనిచేయండి. వేగం ఉద్యోగంలో చేరిన నెలకే వస్తుంది, సరిచూసే అలవాటు ఇప్పుడు రాకపోతే ఆ తర్వాత రావడం కష్టం.