కలలో ఎరుక

కల ఇంకా సాగుతుండగానే అది కల అని తెలిసిరావడం, తెలిసిన తరువాత కూడా మెలకువ రాకుండా ఆ కలలోనే ఇచ్ఛ మేరకు మెలగగలగడం అరుదైన సిద్ధి అని చాలామంది అనుకుంటారు గాని, జీవితంలో ఒక్కసారైనా అలాంటి కల కన్నవాళ్లు సగానికి పైగా ఉంటారని, 50 ఏళ్లలో వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో తేల్చింది. ఎరుక కల అని పిలవదగిన ఈ అనుభవం తనంతట తాను వచ్చిపోవడం ఒక ఎత్తు, దాన్ని అభ్యాసంతో రప్పించుకోవడం మరొక ఎత్తు. ఆ అభ్యాసానికి కావలసిన నియమాలు, వేళలు, మనసును ఒక మాట మీద నిలిపే పద్ధతులు తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు జనజీవితంలో చాలావరకు ముందునుంచీ ఉన్నాయి. వాటిని కలల విద్యకు ముడిపెట్టి చూడటమే జరగలేదు.

ఈ ప్రాంతంలో కలకు ఎంత పెద్దరికం ఉందో కొండగట్టు స్థలపురాణమే చెబుతుంది. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని ఈ కొండమీద సింగం సంజీవుడు అనే పశువుల కాపరి, తప్పిపోయిన పశువును వెతికి వెతికి అలసి చెట్టు కింద కునుకు తీయగా, ఆంజనేయస్వామి కలలో కనిపించి తాను పొదలో ఉన్నానని చెప్పి పశువు జాడ కూడా తెలిపాడని, మేలుకుని వెతికితే విగ్రహం దొరికిందని, అక్కడే గుడి వెలసిందని ఐతిహ్యం. అందుకు తగ్గట్టే ఈ క్షేత్రానికి వచ్చేవాళ్లు దర్శనంతో సరిపెట్టుకోక ‘నిద్ర చేస్తారు’. రాత్రి గుడి దగ్గరే పడుకుని తెల్లవారాక ఇంటిదారి పట్టడం కొండగట్టులోనూ, సిరిసిల్లకు దగ్గరలోని వేములవాడ రాజన్న సన్నిధిలోనూ మొక్కులో భాగంగా ఉంటుంది. సంతానం కోరేవాళ్లు, మానసిక రోగులను వెంటబెట్టుకు వచ్చే కుటుంబాలు కొండగట్టులో 41 రోజులు ఉండిపోయే ఆనవాయితీ కూడా ఉంది. ప్రాచీన గ్రీకు దేశంలో అస్క్లేపియస్ అనే వైద్యదేవుడి గుళ్లలో రోగులు ఇలాగే కలకోసం పడుకునేవారు. అయితే అక్కడా ఇక్కడా కల కనేవాడు వినేవాడే తప్ప అడిగేవాడు కాడు. ‘దేవుడు కలలకొచ్చిండు’ అనే మాటలో దేవుడే కర్త. కల కన్న మనిషి పొద్దున్నే లేచి ఆ మాట పాటించవలసినవాడు.

ఎరుక కల కోరేవాడు ఇంకొక అడుగు ముందుకు వేస్తాడు, ఆ అడుగుకు దారి చూపేది భారతీయ యోగ వేదాంత సంప్రదాయం. 12 మంత్రాల మాండూక్యోపనిషత్తు జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అనే మూడు అవస్థలను, వాటికి ఆధారంగా ఉండే తురీయాన్ని, అంటే నాలుగవదాన్ని, వేరువేరుగా నిరూపించి, స్వప్నావస్థలో మెలిగే చైతన్యానికి తైజసుడని పేరు పెట్టింది. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలోని 38వ సూత్రం స్వప్నంలోనూ నిద్రలోనూ కలిగే జ్ఞానాన్ని ఆలంబనగా, అంటే మనసు పట్టుకునే ఆధారంగా, చేసుకుని చిత్తాన్ని నిలపవచ్చునంటుంది. కాశ్మీర శైవానికి చెందిన విజ్ఞానభైరవం ఇంకా సూటిగా, నిద్రకు ఒరిగే వేళ శ్వాసలోని శక్తిని హృదయంలో ధ్యానించేవాడికి కలలో స్వాతంత్ర్యం దక్కుతుందని చెబుతుంది. టిబెట్ బౌద్ధులు నారోపా ఆరు యోగాల్లో ఒకటిగా స్వప్నయోగాన్ని నేర్పుతూ, పగలంతా కనిపించే ప్రతిదాన్నీ కలగా భావించమంటారు. ఆ భావన అలవాటై రాత్రి నిద్రలోకి దిగి, అక్కడ నిజంగానే కల ఎదురైనప్పుడు దాన్ని పోల్చుకుంటుందని వారి నమ్మకం. మెలకువలోనే ‘ఇది కలేమో’ అని ఆధునిక సాధకులు చేసే పగటి పరీక్షకు మూలసూత్రం కూడా ఇదే.

ప్రయోగశాల ఈ విషయాన్ని నమ్మడానికి చాలాకాలం పట్టింది. కలలు ఎక్కువగా వచ్చే నిద్రదశలో కనుపాపలు వేగంగా కదులుతుంటాయి, ఒంట్లోని కండరాలు మాత్రం దాదాపు చచ్చుబడి ఉంటాయి. కదలగలిగేవి కళ్లే కాబట్టి, కల అని తెలిసిన మరుక్షణం ముందుగా అనుకున్న తీరులో కళ్లను ఎడమకూ కుడికీ తిప్పి కబురు పంపవచ్చునని ఊహించి, 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ ఆ సంకేతాన్ని నమోదు చేశారు. కొద్ది సంవత్సరాలకే అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ స్వతంత్రంగా అదే పని చేసి చూపారు. 2021లో నాలుగు దేశాల పరిశోధకులు కల కంటున్న వ్యక్తిని 8లోంచి 6 తీసివేస్తే ఎంత అని అడిగి, కళ్ల కదలికతో 2 అనే జవాబు రాబట్టారు.

సాధనలో తొలి మెట్టు కలలను గుర్తుంచుకోవడం. మెలకువ రాగానే కదలకుండా, కళ్లు తెరవకుండా, కల చివరి దృశ్యం నుంచి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, ఆ తరువాతే కాగితం మీద పెట్టాలి. పక్కకు ఒత్తిగిల్లితే చాలు, సగం కల జారిపోతుంది. కొన్ని వారాలు రాసుకున్నాక తమ కలల్లో మళ్లీ మళ్లీ వచ్చే గుర్తులు, ఎప్పుడో పోయిన పెద్దలు కనిపించడమో, అమ్మేసిన పాత ఇల్లో, బస్సు తప్పిపోవడమో, తేటగా కనబడతాయి. ఇవి కనిపించిన ప్రతిసారీ ‘ఇది కలేమో’ అని అడగాలని మనసుకు ముందే చెప్పుకోవాలి.

రెండవది పగటి పరీక్ష. ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడటం, ఏదైనా రాత చదివి తల తిప్పి మళ్లీ చదవడం ఇందులో ముఖ్యమైనవి. కలలో సాధారణంగా మూసిన ముక్కుతోనూ ఊపిరి ఆడుతుంది, చదివిన అక్షరాలు రెండోసారికి తరచుగా మారిపోతాయి. పరీక్ష యాంత్రికమైతే ఫలితం ఉండదు గనుక దాన్ని రోజూ చేసే పనికి ముడిపెట్టడం మేలు. కోరుట్ల, జగిత్యాల వాడల్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే స్త్రీకి 25 బీడీల కట్ట దారంతో ముడివేసిన ప్రతిసారీ ఒక క్షణం ఆగే వీలుంది; ఆ క్షణంలో చేతిలోని కట్టను, చుట్టూ ఉన్న గోడలను పరకాయించి చూసి, ఇది మెలకువేనా అని మనస్ఫూర్తిగా అడిగి, జవాబు తెలిసినట్టే ఉన్నా ముక్కు మూసి చూసి తేల్చుకుంటే చాలు. సిరిసిల్లలో సాంచా, అంటే మరమగ్గం, నడిపేవాడికి పోగు తెగి అది ఆగిన ప్రతిసారీ, కండె మార్చిన ప్రతిసారీ అదే అవకాశం వస్తుంది. ఇన్నిసార్లు చేసే పని రాత్రి కలలోకి రావచ్చు, పనితో పాటు ప్రశ్న కూడా రావచ్చు.

మూడవది సంకల్పం, ఎరుక కలను రప్పించుకోవడానికి లాబెర్జ్ రూపొందించిన పద్ధతికి గుండెకాయ ఇదే. తెల్లవారుజామున కల చెదిరి మెలకువ వచ్చినప్పుడు ఆ కలను పూర్తిగా నెమరువేసుకుని, ఈసారి కల వచ్చినప్పుడు అది కల అని గుర్తుంచుకుంటాను అని లోలోన అనుకుంటూ, అదే కలలోకి ఎరుకతో తిరిగి వెళ్లినట్టు ఊహిస్తూ నిద్రలోకి జారాలి. మాట పెదవుల మీద ఆగిపోకుండా మనసులో నాటుకోవాలి. మాల వేసుకుని చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, నేలపడక పాటించి, కొండగట్టులో చిన్న జయంతికో పెద్ద జయంతికో మాల విరమించే హనుమాన్ దీక్షాపరుడికి ఈ పట్టుదల కొత్తగా నేర్పవలసిన పని లేదు. దీక్ష కాలంలో అతడు ఒక మాటను నిద్రలోకి కూడా వెంటబెట్టుకుపోతాడు.

వేళ కూడా అంతే ముఖ్యం. సుమారు 90 నిమిషాలకొకసారి తిరిగి వచ్చే కలల దశ తొలిజామున కొద్ది నిమిషాలే ఉండి, తెల్లవారే కొద్దీ నిడివి పెరుగుతుంది. అందుకే ఐదు గంటలు నిద్రపోయి లేచి, అరగంటో గంటో మెలకువగా ఉండి, మళ్లీ పడుకుంటూ సంకల్పం చెప్పుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది. సిరిసిల్లలో 12 గంటల రాత్రి షిఫ్టు దిగి పొద్దున పడుకునే కార్మికుడికి ఈ దశ తొందరగా రావచ్చు, ఎందుకంటే శరీరంలోని కాలచక్రం కలలకు కేటాయించిన వేళ అదే. కానీ అప్పటికే నిద్ర కరువైన ఆ ఒంటిని మధ్యలో లేపి సాధన చేయించడం అన్యాయం. అలాంటివారు కలలు రాసుకోవడం, పగటి పరీక్ష చేయడం వరకే ఆగితే మంచిది.

ఎరుక వచ్చిన తొలి క్షణంలో కలిగే సంబరమే చాలామందిని నిద్ర లేపేస్తుంది. కల పలచబడుతున్నట్టు అనిపించగానే కలలోని చేతులను ఒకదానితో ఒకటి రుద్దుకోవడం, దగ్గరలోని వస్తువును తాకి దాని గరుకుదనం గమనించడం వల్ల దృశ్యం నిలబడుతుంది. ఎగరాలని, గోడల్లోంచి దూరాలని తొందరపడేవారికంటే కాసేపు ఊరికే నిలబడి చూసేవారికి కల ఎక్కువసేపు దక్కవచ్చు.

భ్రమకూ వాస్తవానికీ తేడా చెదిరే మానసిక వ్యాధులున్నవారు ఈ జోలికి పోకూడదు. కొండగట్టులో మండలం రోజులు ఉండే రోగులకైనా స్వామి సన్నిధితో పాటు వైద్యుడి మందు కొనసాగాలి. మెలకువ వచ్చినా కాళ్లూ చేతులూ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు భయం కమ్మే అనుభవం సాధకులకు అప్పుడప్పుడు ఎదురవుతుంది. దయ్యం పట్టిందని బెదిరిపోయే ఈ స్థితి, కలల దశలో సడలిన కండరాలు మెలకువకంటే కొంచెం ఆలస్యంగా తేరుకోవడం మాత్రమేనని, కొద్దిసేపట్లో దానంతట అదే తొలగిపోతుందని తెలిసినవాడికి సగం భయం అక్కడే తీరుతుంది.

ఈ విద్య విలువ అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది పీడకలల విషయంలో. ఒకే పీడకల ఏళ్ల తరబడి వెంటాడేవారికి ఎరుక కలను చికిత్సగా వైద్యులు వాడి చూశారు, కొందరిలో ఆ కలలు తగ్గాయి. తరుముకొచ్చేది కలలోని ఆకారమేనని తెలిసిన మనిషి పరుగు ఆపి, వెనక్కి తిరిగి, నువ్వెవరు, ఏం కావాలి అని దాన్ని అడగగలుగుతాడు. అలా అడిగినప్పుడు ఆ ఆకారం చిన్నదైపోవడమో, తెలిసిన మనిషిగా మారడమో జరిగిందని సాధకులు తరచుగా చెబుతారు. గుడిలో నిద్ర చేసి దేవుడి మాట కోసం ఎదురుచూసిన సంప్రదాయంలో పెరిగినవారికి, కలలో కనిపించినవారిని గౌరవంగా పలకరించి మాట్లాడటం పరాయి పని కాబోదు.