‘క్రూడ్’: చూపినదీ, కొలవనిదీ

ఒక దేశపు న్యాయస్థానం ఇచ్చిన తీర్పు మరొక దేశంలో చెల్లవలెనంటే ఏమి కావలెను? అమెరికా దర్శకుడు జో బెర్లింజర్ 2009లో తీసుకొనివచ్చిన ‘క్రూడ్’ అనే డాక్యుమెంటరీ చిత్రాన్ని చూచినవారికి ఈ ప్రశ్న తప్పక కలుగుతుంది. క్రూడ్ అనగా ముడిచమురు.

ఈక్వడార్ తూర్పు అడవులలో టెక్సకో కంపెనీ 1964లో చమురు అన్వేషణకు దిగి, 1990 వరకు బావులను నిర్వహించినది. చమురుతోపాటు పైకి వచ్చే ఉప్పునీటిని తిరిగి భూగర్భంలోనికి పంపక వాగులలో వదలినారు. అడుగున పొర లేని మట్టిగుంటలలో మడ్డిని నింపినారు. అటువంటి నీటిలో లవణాలే కాక బెంజీన్ వంటి విషపదార్థాలు కూడా ఉంటాయి.

కాన్సరు వాతపడిన తల్లీకూతుళ్లను, అడవి నడుమ న్యాయమూర్తి ఎదుట వాదులాడుకొనే ఉభయపక్షాలను చిత్రం కళ్లకు కట్టినట్లు చూపినది. కంపెనీ వారి మాటలను కూడా వినిపించినది. ఇది మెచ్చుకొనదగిన విషయం. కాని మట్టి నమూనాను ఎంత లోతున తీసినారు? చమురు సోకని నేలతో పోల్చినారా? 1990 తరువాత బావులను నడిపినది ప్రభుత్వసంస్థ పెట్రోఈక్వడార్ గదా, ఏ మడ్డి ఎవరి కాలానిదో విడదీయుట ఎట్లు? ఈ ప్రశ్నలకు చిత్రం చాలినంత చోటివ్వలేదు. కన్నీటిని చూపినంత శ్రద్ధగా కొలతను చూపలేదు.

ఈ లోపం ఎంతటిదో తరువాతి కథ తెలుపుతుంది. 2001లో టెక్సకోను కలుపుకొన్న షెవ్రాన్ కంపెనీపై ఈక్వడార్ కోర్టు 2011లో తీర్పు చెప్పినది. 2013లో అక్కడి ఉన్నత న్యాయస్థానం పరిహారాన్ని సుమారు 950 కోట్ల డాలర్లుగా నిర్ణయించినది. వసూలుకు చాలిన ఆస్తి కంపెనీకి ఆ దేశంలో లేనందున, వాదులు పరదేశపు కోర్టుల తలుపు తట్టవలసివచ్చినది. ఈలోగా, చిత్రంలో వాడని ఫిలింను అప్పగించుమని న్యూయార్కు కోర్టు 2010లో ఆదేశించినది. వాదుల న్యాయవాదులు కోరగా కనీసం ఒక దృశ్యం తొలగింపబడినదని అప్పీలు కోర్టు 2011లో పేర్కొన్నది. ఈక్వడార్ తీర్పు మోసంతోను, లంచంతోను సంపాదించినదని న్యూయార్కు కోర్టు 2014లో తేల్చినది. 2016లో అప్పీలు కోర్టు దానిని సమర్థించినది. వాదుల ప్రధాన అమెరికన్ న్యాయవాది మాత్రం ఆ ఆరోపణలను ఒప్పుకొనలేదు. కెనడాలో కూడా, అక్కడి అనుబంధ సంస్థ ఆస్తి దాని స్వంతమేనంటూ ఒంటారియో అప్పీలు కోర్టు 2018లో వసూలుకు నిరాకరించినది.

ఇది పరాయివారి తిరకాసు అనుకొనరాదు. మన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షను ప్రకారం కూడా మోసంతో పొందిన విదేశీ తీర్పు చెల్లదు.

అయితే న్యూయార్కులో గాని, కెనడాలో గాని ఎవరూ నేలలోని చమురును కొలవలేదు. తీర్పు ఓడినంత మాత్రాన వాగు శుభ్రపడలేదు. ప్రయోగశాలలో విద్యార్థి తనకు నచ్చని రీడింగును కొట్టివేస్తే నేను ప్రయోగమంతటినీ తిరిగి చేయిస్తాను. ఆ అడవిలోని పల్లెవాసులకు మాత్రం తిరిగి చేసే అవకాశం ఎవరిచ్చినారు?