కాంటా మీద పడని శ్రమ

బేగంబజార్‌లో ఇత్తడి సామాను తూకానికి అమ్ముతారు. పాత బిందె మారకానికి తెస్తే లోహానికి మాత్రమే ధర కడతారు. దాన్ని చేసిన మజూరీ సున్నా. ఈమధ్య ఆ కాంటా పక్కన నిలబడినప్పుడు నేనొకప్పుడు రాసిన కవిత గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. అందులో అమ్మమ్మ బిందె ఉంది, దాని మెరుపు ఉంది, స్టీలు వచ్చిందన్న దుఃఖం ఉంది. బిందె చేసిన మనిషి లేడు. అంటే నేనూ ఆ కాంటాతోనే తూచాను.

ఇది నా ఒక్కడి లోపం కాదు. శ్రీశ్రీ ‘ప్రతిజ్ఞ’లో వృత్తి పనిముట్లకు కావ్యగౌరవం కల్పించాడు. ‘కుబుసం’ (2002) చిత్రంలో వినిపించిన గోరటి వెంకన్న పల్లె పాట వృత్తుల పతనం దానంతటదే జరగలేదని హెచ్చరించింది. ఆ దారిలో ముందుకు పోవలసిన మనం చేతివృత్తిని జ్ఞాపకంగా, ‘వారసత్వ సంపద’గా కుదించుకున్నాం.

చరిత్ర చూడండి. రెండవ నిజాం భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలంలో వెలసిందంటారు ఈ బజారు. బేగం పేరు నిలిచింది. ఇక్కడ అమ్ముడైన పాత్రలు చేసిన వారి పేర్లు ఎక్కడా లేవు. జనగామ జిల్లా పెంబర్తి పనివారు కాకతీయుల కాలంలో ఆలయాలకూ రథాలకూ ఇత్తడి రేకుల నగిషీ చేశారు. నిజాముల కాలంలో పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు చేశారు. పోషకుడు మారినా పనివాడి పరాధీనత మారలేదు. ఆస్థానం పోయాక బజారు మిగిలింది. రేకు కొనే పెట్టుబడి లేనివాడు వర్తకుడి రేకు తెచ్చుకొని కూలికి చేయవలసిందే. లోహం ఎవరిదో లాభం వారిది.

1999 నాటి చట్టం కింద పెంబర్తి లోహశిల్పానికి భౌగోళిక గుర్తింపు లభించింది. నకిలీలను అడ్డుకోవడానికి అది అవసరమే. కాని అది కాపాడేది ఊరి పేరును, మజూరీని నిర్ణయించదు.

‘అయితే వృత్తిని కీర్తించవద్దా?’ అని యువ రచయితలు అడగవచ్చు. నైపుణ్యాన్ని కీర్తించండి. కాని కులవృత్తిని కీర్తిస్తున్నామనుకుంటూ, కొడుకు తండ్రి కొలిమి దాటకూడదని శాసించకండి. అతడు సుత్తి వదిలి పట్నంలో కాపలా ఉద్యోగానికి పోతే అది సంస్కృతీ ద్రోహం కాదు, బతుకు లెక్క. తక్కువ పెట్టుబడితో, ఉన్న ఊళ్లోనే పని కల్పించగల చేతివృత్తి అతనికి ఎందుకు అన్నం పెట్టలేకపోయిందో చెప్పడమే రచయిత పని.

కనుక చేతివృత్తి మీద వచ్చే కథనైనా కవితనైనా నేనిక కొన్ని మోటు ప్రశ్నలు అడుగుతాను. రేకు ఎవరిది? బొగ్గు ఎవరు కొన్నారు? ధర ఎవరు చెప్పారు? ఆ ఇంటి ఆడవాళ్లు చేసిన పని ఏ లెక్కలో పడింది? వీటికి రచనలో జవాబు లేకపోయినా ఫరవాలేదు. ఆ ప్రశ్నల ఒత్తిడైనా ఉండాలి. అదీ లేనప్పుడు శిల్పం ఎంత మెరిసినా వస్తువు బోలుదే. నా కవితకూ ఈ తీర్పే వర్తిస్తుంది.